ఆదివారం మటన్ సరే, సోమవారం సంగతేంటి?

ప్రశ్న: మేం హన్మకొండలో ఉంటాం. మా పుట్టిల్లు జమ్మికుంట. ఇంట్లో ఆరుగురం: అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, పన్నెండేళ్ల బిడ్డ, తొమ్మిదేళ్ల కొడుకు. ఆదివారం కిలో మటన్, బుధవారం కిలో చికెన్, శుక్రవారం మళ్లీ కిలో చికెన్ తెస్తాం. మంగళవారం గుడ్లు. సోమ, గురు, శనివారాలు అత్తమ్మ నీసు ముట్టదు కాబట్టి ఇంట్లో వండం. ఆ రోజులు పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు, టమాట పప్పు, పచ్చిపులుసుతో గడిచిపోతాయి. వారానికి నాలుగు కిలోల కూరగాయలు కొంటాం, అందులో కిలో ఆలుగడ్డే. ఆకుకూర రెండు కట్టలు. మొన్న బెంగళూరు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ "ఇంత నీసు ఎవరింట్లోనూ తినరు వదినా" అంది. మా ఆయనేమో "తెలంగాణోళ్లం మనం తినకుంటే ఎవరు తింటరు" అంటాడు. స్కూల్లో పరీక్ష చేసి మా బిడ్డకు రక్తం తక్కువ ఉందన్నారు. మామయ్యకు కొలెస్ట్రాల్. అత్తమ్మ కార్తీకం నెలంతా ఇంటిల్లిపాదీ మానేద్దామంటోంది. అసలు వారంలో ఎన్ని రోజులు నీసు, ఎన్ని రోజులు కూరగాయలు ఉండాలి? మిగతా ఇళ్లలో ఎట్లా తింటారు? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: ముందు మీ ఆడబిడ్డ మాట తేల్చేద్దాం. "ఎవరింట్లోనూ తినరు" అన్నది నిజం కాదు. 2014లో కేంద్ర రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం చేసిన సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి దాదాపు 99 మంది నీసు తినేవాళ్లే. రాష్ట్రాలన్నిటి లెక్క చూస్తే మనం ముందు వరసలో ఉన్నాం. అదే సర్వేలో రాజస్థాన్‌లో నూటికి 75 మంది శాకాహారులు. కాబట్టి ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి "అందరూ", "ఎవరూ" అనే మాటలు మారిపోతాయి.

అలాగని మీ ఆయన గెలిచినట్టు కాదు. తినడం వేరు, వారానికి మూడుసార్లు తినడం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మగవాళ్లలో వారానికి ఒక్కసారైనా చేపో, చికెనో, మటనో తినేవాళ్లు నూటికి 57 మంది. ఆడవాళ్లలో 45 మంది. మిగతావాళ్లలో అసలు ముట్టనివాళ్లు కొందరైతే, పండక్కో చుట్టమొచ్చినప్పుడో తినేవాళ్లు ఇంకొందరు. ఈ రెండు అంకెల మధ్య తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇక రోజులు పాటించడం మీ అత్తమ్మ ఒక్కరి పట్టింపు కాదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ దేశమంతటా దాదాపు 30 వేల మందిని అడిగి 2021లో బయటపెట్టిన సర్వేలో 39 శాతం మంది శాకాహారులమన్నారు. వాళ్లతో పాటు, తింటాం గానీ ఫలానా రోజు తినం, ఫలానా మాంసం తినం అనేవాళ్లను కూడా కలిపితే 81 శాతం. అంటే నూటికి ఎనభై మందికి నీసు విషయంలో ఏదో ఒక కట్టుబాటు ఉంది. సరిహద్దు దాటినా ఇదే తీరు. పాకిస్తాన్ అనగానే మనకు కబాబులు, నిహారీ గుర్తొస్తాయి కానీ అక్కడి మామూలు ఇళ్లలో ఎక్కువ పూటలు రొట్టె, పప్పు, కూరగాయలతోనే నడుస్తాయి. బంగ్లాదేశ్‌లో, శ్రీలంకలో మాంసం కంటే చేపదే పెద్ద పీట. నేపాల్‌లో రోజూ పప్పు, అన్నం, కూరగాయ తర్కారీ. మాంసం చాలా ఇళ్లలో శనివారం నాడే, ఎందుకంటే వాళ్లకు వారం సెలవు శనివారం. మనకేమో శనివారం వెంకన్న రోజు! అక్కడి పశుపతినాథుడికీ ఇక్కడి వెంకన్నకూ ఈ విషయంలో మాటలు కలవలేదన్నమాట.

మన వైపు కూడా ఒకప్పుడు ఇన్నిసార్లు లేదు. దసరాకు యాటను కోసి పోగులు వేసుకునేవాళ్లు. ఐలోని మల్లన్న జాతరకో, మేడారం సమ్మక్క దగ్గరికో పోతే మొక్కు తీర్చుకుని అక్కడే వండుకుని తినేవాళ్లు. చుట్టమొస్తే ఇంటి కోడి. చెరువు ఎండి చేపలు పట్టినప్పుడు చేపలు, మృగశిర కార్తె నాడు తప్పనిసరిగా చేపలు. తక్కిన రోజులు గట్కలోకి, అన్నంలోకి పప్పు, తొక్కు, పచ్చిపులుసు, పెరట్లోనో పొలం గట్టునో దొరికిన ఆకు. దీన్ని చూపించి "పెద్దలు ఎంత నియమంగా తిన్నారో" అని పొగిడేవాళ్లున్నారు. నేను పొగడను. వాళ్లకు డబ్బుల్లేక తినలేదు, ఉంటే తినేవాళ్లు. బ్రాయిలర్ కోడి వచ్చి గల్లీకో చికెన్ సెంటర్ వెలిసేసరికి ఆ కొరత తీరింది. గొర్రెల సంగతి సరేసరి. 2019 పశుగణనలో కోటి 91 లక్షల గొర్రెలతో దేశంలో మొదటి స్థానం తెలంగాణదే. ఇన్ని గొర్రెలు పెట్టుకుని ఆదివారం మటన్ వద్దంటే వినేదెవరు?

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఎన్ని రోజులు నీసు, ఎన్ని రోజులు కూరగాయలు అని అడిగారు. మీ ఉత్తరంలో నీసు రోజులు కనిపిస్తున్నాయి, నీసు లేని రోజులు కనిపిస్తున్నాయి. కూరగాయల రోజు మాత్రం నాకు ఒక్కటీ కనిపించలేదు.

మీరిచ్చిన లెక్కే చూద్దాం. వారానికి మూడు కిలోల నీసు. ఆరుగురు, ఏడు రోజులు. మనిషికి రోజుకు 71 గ్రాములు, అదీ పచ్చి మాంసం, బొక్కలతో కలిపి. ఇది దడుచుకోవలసినంత ఎక్కువేం కాదు. ఇప్పుడు కూరగాయలు: నాలుగు కిలోల్లో ఆలుగడ్డ తీసేస్తే మూడు కిలోలు. మళ్లీ అదే 71 గ్రాములు! రెండు కట్టల ఆకుకూర కలిపినా వంద దాటదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు రెండు వేల కేలరీలు తినే మనిషికి 400 గ్రాముల కూరగాయలు, వంద గ్రాముల పండ్లు ఉండాలని రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొంచెం దయతలచి పండ్లూ కూరగాయలూ కలిపి 400 చాలంది గానీ, ఆలుగడ్డను అందులో లెక్కపెట్టొద్దని చెప్పింది. ఆలుగడ్డ అన్నానికి తోబుట్టువు. అన్నంలోకి ఆలుగడ్డ వేపుడు వేసుకున్న రోజున మీరు పిండిలోకి పిండే కలుపుకుంటున్నారు.

కాబట్టి చికెన్ మానేసి ఆ రోజున కూడా పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు పెడితే ఎవరికీ ఒరిగేదేం లేదు. ఇంకా నష్టమే, ఉన్న ప్రొటీన్ కూడా పోతుంది. నీసుకు మనింట్లో సోమవారం, శనివారం, శ్రావణం, కార్తీకం, అయ్యప్ప మాల అని ఎన్నో పట్టింపులున్నాయి. కూరగాయ తప్పనిసరిగా ఉండాలన్న పట్టింపు మాత్రం ఏ వారానికీ లేదు. నన్నడిగితే మీరు నీసు రోజులు లెక్కపెట్టడం ఆపేసి, కూరగాయలు ఎన్ని కిలోలు వస్తున్నాయో లెక్కపెట్టండి. నాలుగు కిలోలను పదికి చేర్చడం మొదటి మెట్టు. 400 గ్రాముల లెక్కన ఆరుగురికి వారానికి పదహారు, పదిహేడు కిలోలు కావాలి. అక్కడికి ఒక్కసారే పోలేరు, పోనక్కర్లేదు.

కూరగాయలు ఎందుకు తగ్గాయో కూడా దాచకుండా మాట్లాడుకుందాం. ధర ఒక్కటే కారణం కాదు. చికెన్ దుకాణంలో కడిగి, కోసి, కవర్లో వేసి ఇస్తారు. ఇంటికి తెచ్చి ముప్పావు గంటలో దించేయొచ్చు. రెండు కట్టల గంగవాయిలి కూర తెచ్చారనుకోండి. వేర్లు కోసేయాలి, పుచ్చిన ఆకు ఏరాలి, ముదురు కాడలు తీసేయాలి, మట్టి పోయేదాకా మూడు నాలుగు నీళ్లలో కడగాలి. అప్పుడు గానీ పప్పులో వేసే వీలు లేదు, తీరా ఉడికాక చూస్తే గుప్పెడు. గోకరకాయ పీచు తీయాలి, చిక్కుడు ఈనెలు తీయాలి. ఈ పనంతా చేసేది మీరొక్కరు. మటన్ తెచ్చే పని మాత్రం మీ ఆయనది, పొద్దున్నే సంచి పట్టుకుని పోయి "పొట్టేలు మాంసమే తెచ్చిన" అని గర్వంగా చెప్పుకునే పని. కూరగాయలు పెరగాలంటే ముందు ఈ పని పంచాలి. మామయ్య సాయంత్రం టీవీ ముందు కూర్చుంటారు కదా, ముందు పేపర్ పరిచి ఆకుకూర పెట్టండి. కొలెస్ట్రాల్ ఉన్న మనిషికి మందుతో పాటు ఈ పని కూడా పనికొస్తుంది. పిల్లలిద్దరికీ చిక్కుడుకాయలు అప్పగించండి. తాము తుంచిన దాన్ని పిల్లలు కనీసం రుచి చూస్తారు. మొదటిసారి ఉమ్మేస్తే కంగారు పడకండి, ఒక కూర అలవాటు కావడానికి పదిసార్లు కూడా పట్టొచ్చు.

అత్తమ్మ నీసు ముట్టని మూడు రోజులు మీకు చేతికి అందొచ్చిన అవకాశం. ఆ మూడు రోజులు పప్పుచారు ఉంటే ఉండనివ్వండి, పక్కన ఒక ఆకుకూర, ఒక కాయకూర తప్పనిసరి చేయండి. పాలకూర, చుక్కకూర, కొయ్యగూర, బచ్చలి, మెంతికూర, ఏది చవగ్గా ఉంటే అది. వానలు పడ్డాక తుమ్మికూర లాంటివి ఊరి వైపు ఊరికే దొరుకుతాయి, వినాయక చవితికి వండుకుంటాం కదా, ఆ ఒక్కరోజుతో ఎందుకు ఆపాలి? కుమార్‌పల్లి మార్కెట్‌కో రైతు బజార్‌కో చీకటి పడే వేళకు వెళ్తే ఆకుకూర కట్టలు పొద్దుటి ధరలో ఉండవు. జమ్మికుంట పోయినప్పుడు ఒక సంచి నింపుకుని రండి, పుట్టింటి కూరగాయలకు మీ ఆయన కూడా వంక పెట్టలేరు. సర్వపిండిలో అనిగెపుకాయ తురుము, కాస్త మెంతికూర కలిపితే పిల్లలు గుర్తుపట్టేలోపే తినేస్తారు.

నీసు రోజుల్లో కూడా కూరగాయకు తలుపు తెరవండి. ఇది మనకు కొత్త కాదు. మటన్‌లో పుంటికూర, చికెన్‌లో అనిగెపుకాయ, ఖీమాలో మెంతికూర, ఎండు రొయ్యలతో వంకాయో చుక్కకూరో మన వంటింట్లో ఎప్పటి నుంచో ఉన్నవే. ఇట్లా కలిపి వండితే ముప్పావు కిలో మాంసంతోనే ఆరుగురికి సరిపోతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. ఆకుకూరలో ఉండే ఐరన్ ఒంటపట్టడం కష్టం. పక్కన మాంసం ఉంటే అది మెరుగ్గా ఒంటపడుతుంది. నిమ్మకాయ, టమాట లాంటి పులుపూ సాయపడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే చెడుతుంది, ఆ అలవాటుంటే గంట ఆగండి. శుక్రవారం చికెన్‌ను చేపగా మార్చమని నా సలహా. కొర్రమీను మన రాష్ట్ర చేప అయినా రోజూ కొనేంత చవక కాదు. రవ్వ, బొచ్చె చాలు, చెరువు చేపలు మనకు బాగానే దొరుకుతున్నాయి.

ఇప్పుడు ఆ 57, 45 సంగతి. దేశం మొత్తం మీద మగవాళ్ల కంటే ఆడవాళ్లు నీసు తక్కువ తింటున్నారంటే అందులో భక్తి కొంత, ఉపవాసాలు కొంత. వడ్డన కూడా కొంత అని నా అనుమానం. ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో గిన్నె ఎట్లా తిరుగుతుందో ఒకసారి గమనించండి. ముందు మామయ్యకు, మీ ఆయనకు మెత్తటి తునకలు. తర్వాత కొడుకుకు కార్జం ముక్క, "పిల్లగాడు ఎదగాలె" అని. బిడ్డ మూలుగ బొక్క కోసం అలిగితే ఒకటి. చివరికి మీరూ అత్తమ్మా కూర్చునేసరికి గిన్నెలో షోర్వా, రెండు ఆలుగడ్డ ముక్కలు, అడుగున మసాలా. కిలో మటన్ ఆరుగురికి అని మీరు రాశారు, నిజానికి అది ముగ్గురికే కావచ్చు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, మీరే మీ చేతులతో వడ్డిస్తారు కూడా. కానీ రక్తం తక్కువున్నది మీ బిడ్డకు. 2019-21 సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి, నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఇది ఒక ఇంటి కథ కాదు. ఈ ఆదివారం నుంచి కార్జం మీ బిడ్డ పళ్లెంలో పడాలి. వడ్డించేటప్పుడే మీ ఇద్దరి వాటా పక్కన తీసిపెట్టండి. మిగిలితే తిందాం అనుకుంటే మిగలదు.

తిండి ఒక్కదానితోనే బిడ్డ రక్తం పెరుగుతుందని మాత్రం కూర్చోవద్దు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి. ఆ వయసు ఆడపిల్లకు 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. నులిపురుగుల మాత్ర వేశారో లేదో అడగండి, స్కూళ్లలో ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో వేస్తుంటారు. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కడుపులో తిప్పినట్టుందని పారేస్తోందేమో మెల్లగా కనుక్కోండి. చాలామంది పిల్లలు చేసే పనే అది.

మామయ్య విషయం తేలిక. డాక్టర్ రాసిన మందు ఆపొద్దు. బోటి, తలకాయ, భేజా, కార్జం ఆయనకు పండగ పూటకు మాత్రమే. చికెన్ చర్మం తీయించండి. మటన్ మీద తేలే నూనెను గరిటెతో తీసి పక్కన పెట్టండి, కుడుక కాస్త తగ్గించండి. ఆయన అలుగుతారు. చేపల పులుసు పెడితే అలక తీరుతుంది.

చివరగా కార్తీకం. పెద్దవాళ్లు నెల రోజులు మానేస్తే ఏమీ కాదు, చికెన్ ధర కూడా ఆ నెలలో దిగుతుంది కాబట్టి తినేవాళ్లకూ పండగే. కానీ ఆ నెలంతా పప్పుచారు, ఆలుగడ్డ, పులిహోర, దీపాల దగ్గర వడలు తింటూ గడిపితే అది శాకాహారం అనిపించుకోదు. పెసలు, శనగలు, అనుములు, పల్లీలు, పెరుగు రోజూ ఉండాలి, పైన చెప్పిన ఆకుకూర ఎటూ ఉండాలి. మీ బిడ్డ విషయంలో మాత్రం రిపోర్టు చూశాకే నిర్ణయించండి. హిమోగ్లోబిన్ తక్కువగానే ఉంటే ఆమెకు గుడ్డు ఆపొద్దు. ఇంట్లో ఉడకబెట్టడానికి అత్తమ్మ ఒప్పుకోకపోతే మీరు వాదనకు దిగకండి. డాక్టర్ దగ్గరికి బిడ్డతో పాటు అత్తమ్మను కూడా తీసుకెళ్లండి, ఆ మాట డాక్టర్ నోటితోనే చెప్పించండి. నీరసం మీకో అత్తమ్మకో కూడా ఉంటే ఆ చేత్తోనే మీ ఇద్దరి రక్తం కూడా చూపించుకుని రండి.